పైథాన్ నుంచి సి ఫంక్షన్ పిలిస్తే ప్రోగ్రామ్ పడిపోతోందా?

పైథాన్ కోడ్‌లో తప్పుంటే, ఎక్కడ పడిందో చెప్పే ట్రేస్‌బ్యాక్ వస్తుంది. పైథాన్ నుంచి సి ఫంక్షన్లను పిలిచే మాడ్యూల్ సీటైప్స్ (ctypes). దానితో సి లైబ్రరీని పిలిచినప్పుడు ఆ భాగ్యం లేదు. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' (ముట్టకూడని మెమరీని ముట్టారు) అని ఒక్క ముక్క చెప్పి టెర్మినల్ ఊరుకుంటుంది. లైనక్స్‌లో ఎగ్జిట్ కోడ్ 139 కనిపిస్తే జరిగింది ఇదే: 128కి సిగ్నల్ నంబర్ 11 కలిపితే అంత. ముందుగా ఫాల్ట్‌హ్యాండ్లర్ (ఇలా పడిపోయినప్పుడు ట్రేస్‌బ్యాక్ చూపే మాడ్యూల్) ఆన్ చేసి మళ్లీ నడపండి. పైథాన్ 3.3 నుంచి దానితోనే వస్తోంది. కనీసం ఏ లైన్ దగ్గర పడిందో తెలుస్తుంది.

సమస్య: నా మెషీన్‌లో బాగానే ఉంది, సర్వర్‌లో పడిపోతోంది

ఫంక్షన్ ఏం తిరిగి ఇస్తుందో మీరు చెప్పకపోతే, 32 బిట్ల ఇంటిజర్ అనుకుంటుంది సీటైప్స్. 64 బిట్ల మెషీన్‌లో పాయింటర్ (మెమరీ అడ్రస్) వస్తే పై సగం తెగిపోతుంది. అడ్రస్ చిన్నదైన మెషీన్‌లో అదృష్టం కొద్దీ నడుస్తుంది, అంతే. ప్రింట్ చేసి చూడండి: లైనక్స్‌లో అడ్రస్ మామూలుగా 14, 15 అంకెలుంటుంది. మీకు 10 అంకెలో, మైనస్ గుర్తో కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఫంక్షన్ తిరిగి ఇచ్చేదాని రకం చెప్పే రెస్‌టైప్‌ను (restype) వాయిడ్ పాయింటర్‌గా (c_void_p) పెట్టండి. ఇక్కడితో ఆగిపోతే సగం పనే. అలా వచ్చిన పాయింటర్ పైథాన్ చేతిలో మామూలు ఇంటిజర్. దాన్ని తిరిగి ఫ్రీకి (మెమరీ వదిలేసే సి ఫంక్షన్) ఇచ్చేటప్పుడు ఆర్గ్‌టైప్స్ (ఫంక్షన్ తీసుకునేవాటి రకాలు) చెప్పకపోతే, లైనక్స్‌లో మళ్లీ చడీచప్పుడు లేకుండా కత్తిరించేస్తుంది. ఆ ఒక్క లైన్ మర్చిపోయి నేను ఒక శనివారం మొత్తం పోగొట్టుకున్నాను. అప్పట్నుంచి ఏ ఫంక్షన్‌కైనా రెండూ రాశాకే మొదటిసారి పిలుస్తున్నాను.

సమస్య: పడిపోదు, కానీ మెమరీ పెరుగుతూనే ఉంటుంది

పైథాన్ మెమరీ వాడకం చూపే ట్రేస్‌మాలాక్‌లో ఏమీ దొరకదు. అది పైథాన్ తీసుకున్న మెమరీనే లెక్కపెడుతుంది, సి వైపు మాలాక్ (మెమరీ తీసుకునే ఫంక్షన్) దానికి కనిపించదు.

ఎక్కువసార్లు కారణం స్ట్రింగ్ తిరిగి ఇచ్చే ఫంక్షనే. ఉదాహరణకు, స్ట్రింగ్‌ను కొత్త మెమరీలోకి కాపీ చేసి ఇచ్చే స్ట్రడప్ (strdup). దాని రెస్‌టైప్‌ను చార్ పాయింటర్‌గా పెడితే సీటైప్స్ అక్షరాలను కాపీ చేసి బైట్స్‌గా ఇచ్చేస్తుంది, అసలు అడ్రస్ పోతుంది. పక్కింటివాళ్ల గిన్నెలోని కూర మన గిన్నెలోకి వంచుకుని, వాళ్ల గిన్నె ఎక్కడ పెట్టామో మర్చిపోయినట్టు. ఇక తిరిగి ఇచ్చేదెలా?

వాయిడ్ పాయింటర్‌గా తీసుకుని, స్ట్రింగ్‌యాట్‌తో కాపీ చేసుకుని, ఫైనలీ బ్లాక్‌లో ఫ్రీ చేయండి. లైబ్రరీకి సొంత ఫ్రీ ఫంక్షన్ ఉంటే అదే వాడండి. విండోస్‌లో ఒక్కో డీఎల్ఎల్ వేరే సి రన్‌టైమ్‌తో వచ్చి ఉండొచ్చు, ఒకరి హీప్‌లోది (మాలాక్ మెమరీ తీసుకునే చోటు) ఇంకొకరు ఫ్రీ చేస్తే గల్లంతే. అలాగని కనిపించిన ప్రతి పాయింటర్నీ ఫ్రీ చేయకండి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ చెప్పే గెట్‌ఎన్వ్ ఇచ్చేది మనది కాదు, దానికి చార్ పాయింటర్ సరిపోతుంది. ఒకే పాయింటర్‌ను రెండుసార్లు ఫ్రీ చేసినట్టు లైనక్స్‌లో జీలిబ్‌సీ (అక్కడి సి లైబ్రరీ) కనిపెడితే 'డబుల్ ఫ్రీ' అని చెప్పి ఆపేస్తుంది. అప్పుడు ఎగ్జిట్ కోడ్ 134.

సమస్య: కాల్‌బ్యాక్ కాసేపు పనిచేసి ఆ తర్వాత క్రాష్

కాల్‌బ్యాక్ అంటే సి తిరిగి పిలవడానికి మనమిచ్చే పైథాన్ ఫంక్షన్. ఆ ఆబ్జెక్ట్‌ను పిలిచే చోటే తయారుచేసి ఇచ్చేసి ఉంటారు. సి దగ్గర అడ్రస్ ఉంది, పైథాన్ వైపు దాన్ని పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి దాని మెమరీ తిరిగి వెళ్లిపోయింది. వరుసలో పెట్టే క్యూసార్ట్ లాంటివాటికి ఇబ్బంది లేదు, పని అయ్యేదాకా కాల్ నడుస్తూనే ఉంటుంది. రిజిస్టర్ చేసి తర్వాత పిలిచేవాటికి మాత్రం ఆ ఆబ్జెక్ట్‌ను మాడ్యూల్ వేరియబుల్‌లోనో, సెల్ఫ్‌లోనో దాచుకోండి.

సమస్య: సంబంధం లేని స్ట్రింగ్ మారిపోతోంది

మనమిచ్చిన మెమరీలో రాసే సి ఫంక్షన్‌కు బైట్స్ ఇచ్చారు. మారకూడని ఆబ్జెక్ట్ మీద సి నేరుగా రాసేసింది. క్రియేట్ స్ట్రింగ్ బఫర్ వాడండి. సైజు విషయంలో మనవాళ్లకు ఇంకో చిక్కుంది. 'తెలుగు' చూడ్డానికి మూడక్షరాలు, పైథాన్ లెన్ చెప్పేది 6, యూటీఎఫ్-8లో 18 బైట్లు, చివరి సున్నాతో 19. లెన్ నమ్మి 7 బైట్ల బఫర్ ఇస్తే మిగతా 12 పక్కవాళ్ల మెమరీలోకి పోతాయి. ఎన్‌కోడ్ చేశాకే కొలిచి, ఒకటి కలపండి.