రేడియో వినేవాళ్లకు పాఠాలు – 4: నేరోబ్యాండ్ పట్టే స్కానర్‌ని ఎంచుకోవడం
గుణుపురం నుంచి ఈ పాఠాలు చదువుతున్న ఒకరు అడిగారు: "మా బావ సంక్రాంతికి హ్యూస్టన్ నుంచి వస్తున్నాడు. పోలీసు, ఫైర్ మాటలు వినిపించే స్కానర్ తెస్తానంటున్నాడు. ఏది తెమ్మనాలి?"

ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. అమెరికాలో ఇంట్లో కూర్చుని, ఎన్‌క్రిప్షన్ (బయటివాళ్లకి అర్థం కాకుండా మాటను మార్చి పంపడం) లేని పోలీసు చానెల్ వినడం చాలామందికి మామూలు సరదా. మన దగ్గర అలా కుదరదు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సెట్టు దగ్గర పెట్టుకోవడాన్నే 1933 నాటి చట్టం నిషేధించింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం సందేశాలను అక్రమంగా మధ్యలో పట్టి వింటే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. రాయగడ, కోరాపుట్ లాంటి జిల్లాల్లో పోలీసు వైర్‌లెస్ వింటూ దొరికి "సరదాకి విన్నాను సార్" అంటే నమ్మేవాళ్లెవరు? కాబట్టి ఆ స్కానర్ హ్యూస్టన్‌లోనే ఉండనివ్వండి. అక్కడ వాడుకోవడానికి ఏది మంచిదో మాత్రం బావకి మీరే చెప్పండి. రేపు మీరు హామ్ (అభిరుచి కొద్దీ రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సు తీసుకుని హ్యాండ్‌సెట్ కొనేటప్పుడు చూడాల్సిన వాటిలో చాలావరకు ఇవే.

ఇక పాఠం. అమెరికాలో పోలీసు, ఫైర్, అంబులెన్స్ వాళ్లు 150–174 మెగాహెర్ట్‌జ్‌లో, 421–470 మెగాహెర్ట్‌జ్‌లో ఒకప్పుడు 25 కిలోహెర్ట్‌జ్ వెడల్పున్న చానెళ్లు వాడేవారు. గిరాకీ పెరిగి చోటు చాలలేదు. అన్నదమ్ములు ఒకే మడిని మధ్యలో గట్టు వేసి పంచుకున్నట్టు, అక్కడి రేడియో వ్యవహారాలు చూసే ఎఫ్‌సీసీ ఆ వెడల్పును 12.5కి తగ్గించింది. ఈ సన్నని చానెళ్లనే నేరోబ్యాండ్ అంటారు. 2013 జనవరి 1 గడువు. అంతకు ముందు తయారైన స్కానర్లు చాలా వరకు పాత వెడల్పును దృష్టిలో పెట్టుకుని చేసినవే. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపించేవి కూడా అవే, జాగ్రత్త.

ఈ సెట్లు మాటను పంపే పద్ధతి ఎఫ్‌ఎమ్. అందులో మనం మాట్లాడే కొద్దీ ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగే దూరాన్ని డీవియేషన్ అంటారు. పాత చానెల్లో అది 5 కిలోహెర్ట్‌జ్ దాకా, నేరోబ్యాండ్‌లో 2.5 దాకా. 5కి తగ్గట్టు చేసిన స్కానర్‌లో 2.5 సిగ్నల్ వింటే గొంతు సగానికి సగం తగ్గి, ఎవరో పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. వాల్యూమ్ పెంచితే గొంతుతో పాటు బుస కూడా పెరుగుతుంది. ఫిల్టర్ వెడల్పుగా ఉండటంతో పక్క చానెల్ మాటలు కూడా చొరబడతాయి. కాబట్టి స్పెసిఫికేషన్‌లో మొదట వెతకాల్సింది ఎన్ఎఫ్ఎమ్ (నేరో ఎఫ్ఎమ్) అనే మోడ్. అది లేకపోతే చానెళ్లు ఎన్ని వేలున్నా ఆ సెట్టు వద్దు. డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో వేసే చానెళ్ల సంఖ్యకి నేనైతే పెద్ద విలువ ఇవ్వను.

రెండోది స్టెప్, అంటే ట్యూనింగ్ ఎంతెంత చొప్పున జరుగుతుందన్నది. అందరూ దీన్నే మర్చిపోతారు. అక్కడ వేర్వేరు ఊళ్ల సిబ్బంది ఒకరినొకరు పిలుచుకోవడానికి దేశమంతా ఉమ్మడిగా పెట్టుకున్న ఒక చానెల్ 155.7525 మెగాహెర్ట్‌జ్. 5 కిలోహెర్ట్‌జ్ స్టెప్పు మాత్రమే ఉన్న పాత స్కానర్‌లో ఆ అంకె నొక్కితే అది 155.750కో, 155.755కో సర్దేసుకుంటుంది. రెండున్నర కిలోహెర్ట్‌జ్ పక్కకి జరిగినట్టే. వెడల్పు చానెల్‌కైతే ఆ తేడా పెద్దగా తెలిసేది కాదు. నేరోబ్యాండ్‌లో మాట వంకర్లు పోతుంది. అందుకే 2.5 స్టెప్పు, లేదా 6.25, 7.5, 12.5 స్టెప్పులు విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి.

మూడోది డబ్బు ఖర్చయ్యే చోటు: డిజిటల్, అంటే మాటను అంకెలుగా మార్చి పంపడం. నేరోబ్యాండ్ అంటే డిజిటల్ అని చాలామంది కలిపేస్తారు. అది తప్పు. సన్నని చానెల్లో మామూలు అనలాగ్ మాట కూడా నడుస్తుంది. చిన్న ఊళ్ల ఫైర్ వాళ్లు కొందరు ఇంకా అనలాగ్ మీదే ఉన్నారు. అలాంటి చోట యూనిడెన్ బీసీ125ఏటీ లాంటి చిన్న అనలాగ్ సెట్టు చాలు. పెద్ద నగరాల్లో మాత్రం పీ25 అనే డిజిటల్ పద్ధతి ఎక్కువ. దాన్ని అనలాగ్ సెట్టులో వింటే గరగరమనే మోత తప్ప ఏమీ ఉండదు. అందులో ఫేజ్ 1, ఫేజ్ 2 అని రెండున్నాయి. ఫేజ్ 1 మాత్రమే పట్టే సెట్టుకి ఫేజ్ 2 మాటలు అందవు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద చాలా టవర్లు ఒకేసారి పంపే ఊళ్లో మామూలు డిజిటల్ స్కానర్లు తడబడతాయి. అలాంటి చోటికి ఎస్‌డీఎస్100 లాంటివి వచ్చాయి. వాటి ధర అనలాగ్ సెట్టు ధరకి చాలా రెట్లు. ఎన్‌క్రిప్ట్ చేసిన చానెళ్లను మాత్రం దుకాణంలో దొరికే ఏ స్కానరూ విప్పలేదు. కాబట్టి బావ ముందుగా చేయాల్సింది తన కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏ పద్ధతి నడుస్తోందో, ఎంత భాగం ఎన్‌క్రిప్ట్ అయిందో కనుక్కోవడం. సెట్టు సంగతి ఆ తర్వాత.

మన వైపుకొస్తే, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను కుదిపేసినప్పుడు ఫోన్లు పనిచేయక జనం పడిన టెన్షన్ పర్లాకిమిడి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు అక్కరకొచ్చేది లైసెన్సున్న హామ్. మన దేశంలో హామ్‌లకి 144–146 మెగాహెర్ట్‌జ్ ఉంది. అక్కడ వాడే హ్యాండ్‌సెట్ మెనూలో వైడ్, నేరో అని రెండు ఉంటాయి. మీరు నేరోలో, అవతలివాళ్లు వైడ్‌లో ఉంటే, మీ గొంతు వాళ్లకి నీరసంగా వినిపిస్తుంది. వాళ్ల గొంతు మీ దగ్గర గట్టి మాటల చోట చిరిగినట్టు ఉంటుంది. సెట్టు పాడైందనుకుని రిపేరుకి ఇచ్చేముందు ఆ మెనూ ఒక్కసారి చూడండి.

ఇంటిపని: 151.1375, 154.4525, 155.7525, 453.2125 – ఈ నాలుగు ఫ్రీక్వెన్సీలను కిలోహెర్ట్‌జ్‌లోకి మార్చి, 5తో, 12.5తో, 2.5తో భాగించండి. శేషం లేకుండా పోతే ఆ స్టెప్పుతో సరిగ్గా అక్కడ ఆగొచ్చు, శేషం మిగిలితే ఆగలేం. జవాబులు వచ్చే పాఠంలో, యాంటెన్నాతో పాటు.