కొత్తగా గేదెలు పెట్టారా? మొదటి నెలల్లో వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

గుంటూరు, తెనాలి, మంగళగిరి వైపు చావిడి కట్టుకుని నాలుగైదు ముర్రా గేదెలతో పాడి మొదలుపెట్టినవాళ్లకు తొలి రెండు మూడు నెలలు బాగా టెన్షన్‌గా ఉంటుంది. ఏ తేడా వచ్చినా జబ్బేమోనని మందుల షాపుకు పరుగెడతారు. దానికి ముందు ఒకటి చూసుకోండి: పితికే చెయ్యి, వేళ, మేత, నీళ్లు... వీటిలో ఏం మారింది? చాలా ఇబ్బందులు అక్కడే తేలిపోతాయి.

గేదె చేపడం లేదు

కొన్న చోట పూటకు ఐదు లీటర్లు ఇచ్చిన గేదె మీ చావిట్లో రెండు లీటర్లకే ఆపేస్తుంది. అమ్మినవాడు మోసం చేశాడనుకుంటారు. అదీ లేకపోలేదు, అందుకే కొనేముందు రెండు మూడు పూటలు ఎదురుగా పితికించి చూసుకోవాలి. కానీ ఎక్కువసార్లు కారణం బెదురు. పొదుగు తాకినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలైతేనే పాలు కిందికి దిగుతాయి. కొత్త చోటు, కొత్త మనిషి, కుక్క అరుపు, కోపంలో వేసిన ఒక దెబ్బ, ఏదైనా దాన్ని ఆపేస్తుంది. పైగా ఆవు కంటే గేదె నిదానంగా చేపుతుంది.

వారం పది రోజులు ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే పక్కన కూర్చుని పితకండి. ముందు దాణా పెట్టి, దూడను కాసేపు కుడవనిచ్చి, పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడవాలి. చన్నులు నిండి బిగిశాక మొదలుపెడితే ఏడెనిమిది నిమిషాల్లో ముగించాలి. మధ్యలో ఫోన్ మోగినా లేవొద్దు, ఆ హార్మోన్ పనిచేసేది కొద్ది నిమిషాలే. చేపడానికి ఇంజెక్షన్ అంటూ ఎవరైనా సీసా ఇస్తే దయచేసి తీసుకోకండి. అది అలవాటైన గేదె సూది లేకుండా చేపదు, చట్టం కూడా ఒప్పుకోదు.

పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోయింది

ముర్రా పాలలో వెన్న మామూలుగా 6 నుంచి 8 శాతం ఉంటుంది. నీళ్లు కలపకుండానే కలిపారన్న మాట పడాల్సి వస్తే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. మొదటి ధారలు ఒక గాజు గ్లాసులో, చివరి ధారలు ఇంకో గ్లాసులో పట్టి ఒక పూట ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. మీగడ మందంలో తేడా కంటికే తెలుస్తుంది. వెన్న ఎక్కువగా చివరి పాలలోనే ఉంటుంది. చెయ్యి నొప్పెట్టి ముందే లేచిపోయి, మిగిలినవి దూడకు వదిలితే శాతం పడక ఏం చేస్తుంది? దూడకు ఒక చన్ను వదిలేసి, మిగతా మూడూ ఆఖరి ధార దాకా పితకండి. కేంద్రంలో క్యాను బాగా కలిపాకే శాంపిల్ తీయమని అడగండి.

ఇంకో కారణం, తౌడు, పత్తి చెక్క పెంచి ఎండుమేత తగ్గించడం. పీచు పొట్టలో పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల నుంచి వెన్నలో చాలా భాగం తయారవుతుంది. రోజుకు ఐదారు కిలోల వరిగడ్డి తప్పనిసరి.

వేళ్లు వాచాయి

బొటనవేలు మడిచి లాగుతున్నారన్నమాట. అది మీ వేలికీ, గేదె చన్నుకూ మంచిది కాదు. గుప్పెటతో పట్టి, పైనుంచి కిందికి వేళ్లు బిగిస్తూ పితకండి.

మేత మానింది, పేడ పలచబడింది

మేత ఒక్కసారిగా మార్చి ఉంటారు. పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడాలంటే పది రోజులు పడుతుంది, కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి.

నాకు అన్నిటికంటే భయం పెళ్లిళ్ల సీజన్ అంటే. ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం ఊరికే వస్తుందని గంగాళాలతో తెచ్చి కుడితి తొట్లో పోస్తారు. అది పొట్టలో పులిసి ఆమ్లమైపోతుంది. గేదె నెమరు ఆపుతుంది, పళ్లు కొరుకుతుంది, ఎడమ డొక్క ఉబ్బుతుంది, చివరికి లేవలేక పడుకుంటుంది. గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. డాక్టరు వచ్చేలోగా గొట్టంతో ఏదీ బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పచ్చిజొన్న పూతకు వచ్చాకే కోయండి. లేత జొన్న, వానల్లేక వాడిన పిలకలు తింటే నాము పడుతుంది, అది సైనైడ్ విషం.

ఎండకు రొప్పుతోంది

గేదెది నల్లతోలు, పైగా చెమట గ్రంథులు తక్కువ. మన మే నెల ఎండలకు రోజుకు 70, 80 లీటర్ల నీళ్లు తాగుతుంది. మధ్యాహ్నం రెండు మూడుసార్లు తడపండి, దాణా తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక పెట్టండి.

ఈని నెలలైనా ఎదకు రావడం లేదు

వచ్చే ఉంటుంది, మీరు చూసి ఉండరు. గేదెల్లో మూగ ఎద (అరుపు, హడావుడి లేకుండా వచ్చే ఎద) ఎక్కువ, అదీ రాత్రుళ్లూ తెల్లవారుజామునే. పేడ ఎత్తేటప్పుడు మానం నుంచి జిగట తీగలు వేలాడుతున్నాయేమో చూడండి, 21 రోజుల లెక్క క్యాలెండర్‌లో రాసుకోండి. తెల్లవారి కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున చూలు కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. రోజూ దాణాలో 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపండి. అయినా రాకపోతే పశువుల డాక్టరుతో గర్భసంచి పరీక్ష చేయించండి.

పాలలో తునకలు, పొదుగు వేడిగా గట్టిగా ఉంది

ఇది అలవాటు తేడా కాదు, పొదుగువాపు. ఆ రోజే డాక్టరును పిలవండి. ఆ గేదెను అన్నిటికంటే చివర పితికి, చెడిన పాలు వేరే గిన్నెలో పట్టి దూరంగా పారబోయండి. చావిట్లో నేల మీద పిండితే మిగతా గేదెలకూ అంటుకుంటుంది. పితికాక అరగంట దాకా చన్ను రంధ్రం తెరిచే ఉంటుంది కాబట్టి, అప్పుడు గేదెలన్నిటికీ పచ్చిమేత వేసి పడుకోకుండా నిలబెట్టండి.