గ్లాస్ టాప్ రేంజ్‌లో ఓవెన్ వేడిని సురక్షితంగా బయటికి పంపడం ఎలా?

అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్‌లో దిగిన తెలుగు కుటుంబానికి వంటింట్లో తరచుగా ఎదురయ్యేది 30 అంగుళాల వెడల్పున్న ఎలక్ట్రిక్ రేంజ్. పైన నున్నటి నల్లని గాజు పలక, కింద ఓవెన్, వెనకవైపు నాబ్‌లూ గడియారమూ ఉన్న ప్యానెల్ కలిసి ఒకే పరికరంగా ఉంటాయి. గ్యాస్ పొయ్యికి అలవాటుపడిన వారికి ఆ గాజు పలక, బర్నర్లు వెలగనంతసేపూ, వంటగట్టులో ఒక భాగంలాగే కనిపిస్తుంది. అందుకే నూనె సీసా, ఉప్పు డబ్బా, పోపు డబ్బా క్రమంగా దాని వెనక అంచుకు చేరతాయి. అయితే చాలా మోడళ్లలో ఓవెన్‌లోని వేడిగాలి బయటికి వచ్చేది ఆ వెనక అంచు నుంచే. వెంట్ అనే ఆ దారి ఎక్కడ ఉందో తెలుసుకోవడం, ఆ దారికి ఏదీ అడ్డం పెట్టకపోవడం, వచ్చిన వేడిని వంటింట్లోనే తిరగనీయకుండా ఇంటి బయటికి సాగనంపడం అనే మూడు పనులు సరిగ్గా జరిగితే ఓవెన్ వల్ల వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం తొలగిపోతాయి.

ఓవెన్‌ను గాలి చొరబడని పెట్టెలా ఎందుకు చేయరన్న సందేహం సహజమే. గది ఉష్ణోగ్రతలో ఉన్న గాలిని 350 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు 177 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే అది దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. అంటే లోపల ఏమీ పెట్టకుండా ఊరికే వేడిచేసినా, మొదట ఉన్న గాలిలో ఇంచుమించు మూడో వంతు బయటికి పోక తప్పదు. దానికి తోడు కూరగాయలనుంచీ కేకు పిండినుంచీ పుట్టే ఆవిరి కూడా పోవాలి, లేకపోతే పదార్థం కాలడానికి బదులు ఉడికిపోతుంది, పైభాగం ఎర్రబడదు. కనుక వెంట్ నుంచి వేడిగాలి రావడం, ఒక్కోసారి ఆవిరి కంటికి కనిపించడం, వెనక గోడమీద సన్నని చెమ్మ పట్టడం లోపాలు కావు.

పాత చుట్ట బర్నర్ల రేంజ్‌లలో ఈ వేడిగాలి వెనక బర్నర్లలో ఒకదాని కింద ఉండే లోహపు గిన్నె రంధ్రంలోంచి వచ్చేది. గ్లాస్ టాప్‌లో ఆ సౌలభ్యం లేదు. వేడికి దాదాపుగా వ్యాకోచించని గ్లాస్ సెరామిక్ పలకను జర్మనీకి చెందిన షాట్ సంస్థ సెరాన్ పేరుతో 1971లో మార్కెట్‌లోకి తెచ్చింది. ఇటువంటి పలక బర్నర్లన్నిటినీ ఒకే ముక్కగా కప్పేస్తుంది కాబట్టి వేడిగాలిని పలక అంచుకు గాని, ముందువైపుకు గాని మళ్లించవలసి వచ్చింది.

వెంట్ ఎక్కడ ఉందో కనుక్కోండి

వెనక ప్యానెల్ ఉన్న రేంజ్‌లలో గాజు పలక ముగిసే చోట, ప్యానెల్ అడుగున, సన్నని చీలిక గాని వరసగా గీతల్లాంటి రంధ్రాలు గాని కనిపిస్తాయి. ఇవి కొన్నిటిలో మధ్యన, కొన్నిటిలో ఒక పక్కకు ఉంటాయి. నాబ్‌లు ముందువైపు ఉండి రెండు గట్ల మధ్య ఇమిడిపోయే స్లయిడ్-ఇన్ రకాల్లో, గోడను ఆనుకుని ఉన్న లోహపు పట్టీలో రంధ్రాలుండవచ్చు, లేదా ఓవెన్ తలుపు పై అంచుకూ నాబ్‌ల ప్యానెల్‌కూ మధ్య సందులోంచి గాలి రావచ్చు. కంటితో చూసి తేల్చుకోలేకపోతే, బర్నర్లన్నీ ఆపి, పలకమీద ఏమీ లేకుండా చూసుకుని, ఓవెన్‌ను 350 డిగ్రీలకు పెట్టి పది నిమిషాలు ఆగండి. తర్వాత అరచేతిని పలకకు అడుగు ఎత్తున ఉంచి, వెనక అంచు పొడవునా నెమ్మదిగా కదిలించండి. వెంట్ ఉన్న చోట గాలి ఊపిరి తగిలినట్టు వెచ్చగా తగులుతుంది. అక్కడ తెలియకపోతే తలుపు పై అంచుకు ఎదురుగా, కాస్త దూరంలో చెయ్యి పెట్టి చూడండి. ఈ పరీక్షకు కాగితం గాని గుడ్డ గాని వాడకండి. తలుపు తెరిచినప్పుడు గాని, కింది సొరుగు లాగినప్పుడు గాని చట్రంమీద కనిపించే మోడల్ నంబరుతో వెదికితే తయారీదారు వెబ్‌సైట్‌లో మాన్యువల్ దొరుకుతుంది, అందులో వెంట్ స్థానం బొమ్మతో సహా ఉంటుంది.

వెంట్ ముందువైపు ఉన్న ఇంట్లో చిన్నపిల్లలుంటే మరింత జాగ్రత్త అవసరం. వేడిగాలి సరిగ్గా వారి ముఖం ఎత్తున వెలువడుతుంది. తలుపు పిడికి చేతిగుడ్డ వేలాడదీసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది ఆ సందును మూసేయకుండా, కనీసం ఓవెన్ వెలిగినంతసేపైనా, తీసి పక్కన పెట్టాలి.

ఫాయిల్ వద్దు

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పవలసిన విషయం ఒకటుంది. పోపు చిట్లి, నూనె చింది, పసుపు మరకలు పడతాయని, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడుతుందని, మన ఇళ్లలో వెనక గోడకూ ప్యానెల్‌కూ అల్యూమినియం ఫాయిల్ అంటించడం పరిపాటి. ఆ ఫాయిల్‌ను గోడమీదినుంచి కిందికి దించి, ప్యానెల్ మొదలును కప్పి, గాజు పలక అంచు మీదుగా మడిచినప్పుడు వెంట్ పూర్తిగా మూసుకుపోతుంది. బయటికి పోవలసిన వేడి అప్పుడు ప్యానెల్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డువైపూ, నాబ్‌లవైపూ, తలుపు అంచులవైపూ మళ్లుతుంది. కొంతకాలానికి డిస్‌ప్లే మసకబారడం, బటన్లు పలకకపోవడం, నాబ్‌లు వంగిపోవడం వంటివి మొదలవుతాయి. డిపాజిట్ కాపాడుకోవడానికి చేసిన పని అంతకు మించిన నష్టానికి దారితీస్తుంది. గోడను కాపాడుకోవాలంటే పోపు వేసేటప్పుడు బాణలిమీద జల్లెడ మూత పెట్టడం, వంట ముగిసి అన్నీ చల్లారాక గోడను వేడినీళ్లూ సబ్బూ కలిపిన గుడ్డతో ఆ రోజుకారోజు తుడవడం చాలు. ఫాయిల్ తప్పదనుకున్నా, దాన్ని ప్యానెల్ పైఅంచుకు పైన, గోడవరకే పరిమితం చేయండి.

ఓవెన్ లోపల కూడా ఫాయిల్ పరచకూడదు. అడుగున పరిస్తే వేడి ప్రసరణ దెబ్బతింటుంది, ఒక్కోసారి ఫాయిల్ కరిగి ఎనామిల్ పూతకు శాశ్వతంగా అతుక్కుపోతుంది. రాక్ మొత్తాన్ని కప్పితే గాలి కింది నుంచి పైకి తిరగదు. కారే పదార్థమైతే దాని కింది రాక్‌లో అంచులున్న బేకింగ్ ట్రే పెట్టండి.

పలకమీద ఏముంచకూడదు

ఓవెన్ వెలిగినంతసేపూ గాజు పలకను ఖాళీగా ఉంచడం అన్నిటికంటే తేలికైన నియమం. ప్లాస్టిక్ డబ్బాలు, నూనె సీసాలు, వెన్న, నెయ్యి, చేతిగుడ్డలు, పేపర్ టవల్ చుట్ట, వంటనూనె స్ప్రే డబ్బా ఏవీ వెంట్ దగ్గర ఉండకూడదు. వీటిలో స్ప్రే డబ్బా అత్యంత ప్రమాదకరమైనది, వేడికి లోపలి పీడనం పెరిగి పేలగలదు. ఖాళీ స్టీలు గిన్నెను వెంట్ దగ్గర వదిలేసినా దాని పిడి చేతికి అంటుకునేంత వేడెక్కవచ్చు. బర్నర్లు ఒక్కటీ వెలిగించకపోయినా, ఓవెన్ ఎక్కువసేపు నడిస్తే పలక వెనకభాగం వేడెక్కుతుంది. వేడి ఉపరితలాన్ని సూచించే ఎర్ర దీపం ఉన్నా, దాన్ని మాత్రమే నమ్ముకోకండి, ఎందుకంటే ఆ దీపం ప్రధానంగా బర్నర్ల కోసం ఏర్పాటు చేసింది.

ఇడ్లీ పిండి పొంగడానికో, పెరుగు తోడుకోవడానికో ఓవెన్‌లో లైటు వేసి పెట్టే పద్ధతి చలి ప్రాంతాల్లోని తెలుగు ఇళ్లలో బాగా స్థిరపడింది. మూకుళ్లు, పెనాలు సర్దుకునే అరగా కూడా ఓవెన్‌నే వాడే వారున్నారు. మరొకరు చూసుకోకుండా ప్రీహీట్ నొక్కితే ప్లాస్టిక్ డబ్బా కరుగుతుంది, ఆ పొగంతా వెంట్ గుండా ఇంట్లోకి వస్తుంది. పిండి లోపల ఉన్నంతకాలం ప్యానెల్‌మీద ఓవెన్ బటన్‌కు అడ్డంగా ఒక చీటీ అంటించండి, నొక్కే ముందు ప్రతిసారీ తలుపు తెరిచి చూడండి.

వేడిని ఇంటి బయటికి పంపడం

వెంట్ వేడిగాలిని ఓవెన్‌లోంచి వంటింట్లోకి మాత్రమే తెస్తుంది. అక్కడినుంచి బయటికి పంపే పని రేంజ్ పైన గాలిని పీల్చేందుకు బిగించే హుడ్‌ది. అయితే హుడ్‌లన్నీ ఆ పని చేయవు. చాలా అపార్ట్‌మెంట్లలో రేంజ్ పైన బిగించే మైక్రోవేవ్‌లోని ఫ్యాన్ గాలిని బొగ్గు ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఆ ఫిల్టర్ వాసనను కొంత తగ్గించగలదు గాని వేడినీ తేమనూ ఆపలేదు. మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఫ్యాన్‌ను గరిష్ఠ వేగంలో పెట్టి, మైక్రోవేవ్ పైభాగంలో ముందువైపున్న జాలీ దగ్గర చెయ్యి ఉంచండి. గాలి ముఖంమీదికి వీస్తే అది తిరిగి గదిలోకే వస్తున్నట్టు. పైన ఉన్న అల్మరా తెరిస్తే లోహపు గొట్టం కనిపించి, బయట గోడమీదో కప్పుమీదో ఫ్యాన్ వేసినప్పుడు తెరుచుకునే రెక్క ఉంటే, గాలి బయటికే పోతున్నట్టు.

బయటికి పోయే హుడ్ ఉంటే ఓవెన్‌తోపాటే దాన్ని కూడా వేసి, వంట పూర్తయ్యాక మరో పావుగంట నడపండి. నూనె జిడ్డు పట్టిన ఫిల్టర్ గాలిని లాగలేదు, కాబట్టి మన వంటలు వండే ఇంట్లో నెలకొకసారైనా వేడినీళ్లలో గిన్నెల సబ్బు వేసి నానబెట్టి కడగాలి. సొంత ఇంట్లో కొత్తగా బిగించుకునేవారు గొట్టాన్ని అటకలోకి వదిలేయకుండా గోడ గుండానో కప్పు గుండానో పూర్తిగా బయటికి తీయించాలి. అటకలో వదిలితే తేమా జిడ్డూ అక్కడి చెక్కకు పడతాయి. ఇళ్ల వెంటిలేషన్‌కు అమెరికాలో ప్రామాణికమైన ఆష్రే 62.2, అవసరమైనప్పుడు వేసుకునే వంటింటి హుడ్ నిమిషానికి కనీసం 100 ఘనపుటడుగుల గాలిని తీయాలంటుంది. వేపుళ్లు ఎక్కువగా చేసే ఇంటికి అంతకంటే శక్తిమంతమైనది కావాలన్నది నా అభిప్రాయం. రేంజ్‌కు నేరుగా పైన మామూలు చెక్క అల్మరా ఉంటే, పలకకూ దానికీ మధ్య సాధారణంగా 30 అంగుళాల ఖాళీ ఉండాలి.

గాలిని గదిలోకే తిప్పే ఫ్యాన్ మాత్రమే ఉంటే కిటికీయే దిక్కు. వంటింటికి దగ్గరి కిటికీలో బాక్స్ ఫ్యాన్‌ను బయటివైపుకు వీచేలా పెట్టి, ఇంట్లో మరో చివరనున్న కిటికీని కొద్దిగా తెరవండి. కొత్త గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ ఎంత తిరిగినా ఫలితం అంతంతమాత్రమే.

తలుపు తెరిచే తీరు

450 డిగ్రీల్లో వంకాయలు కాల్చాక తలుపును ఒక్కసారిగా బార్లా తీసి ముందుకు వంగితే, లోపల పేరుకున్న ఆవిరి తలుపు పై అంచునుంచి నేరుగా ముఖానికి కొడుతుంది. కళ్లద్దాలు తక్షణం మసకబారి ట్రే ఎక్కడుందో కనిపించదు. అందుచేత పక్కకు నిలబడి, తలుపును రెండు మూడు అంగుళాలు మాత్రమే తెరిచి, ఆవిరి పోయేదాకా కొన్ని క్షణాలు ఆగి, అప్పుడు పూర్తిగా దించండి. చీర కొంగును, చున్నీని ముందే దోపుకోవాలి.

చలికాలంలో వంట అయ్యాక ఇల్లు వెచ్చబడుతుందని తలుపు తెరిచి వదిలేయడం సరికాదు. ఆ వేడి నేరుగా ప్యానెల్‌కూ నాబ్‌లకూ తగులుతుంది, పిల్లలు కాలే తలుపును పట్టుకుంటారు, దానిమీద ఎక్కితే రేంజ్ మొత్తం ముందుకు ఒరిగిపడే ప్రమాదం కూడా ఉంది. వెనక కాలును నేలకు పట్టి ఉంచే యాంటీ-టిప్ బ్రాకెట్ బిగించి ఉందో లేదో ఈ సందర్భంలోనే చూసుకోండి. మూసిన తలుపుతో, వెంట్ గుండా, తనంత తానే చల్లారనివ్వడమే సరైన పద్ధతి. కొన్ని మోడళ్లలో ఓవెన్ ఆపాక కూడా ఒక చల్లబరిచే ఫ్యాన్ కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పాడైందనుకుని బ్రేకర్ ఆపేయకండి.

సెల్ఫ్ క్లీన్ రోజు

వెంట్‌మీద అత్యధిక భారం పడేది ఈ రోజునే. ఓవెన్ లోపలి మురికిని అధిక వేడితో కాల్చేసే సెల్ఫ్ క్లీన్‌లో లోపలి వేడి సుమారు 880 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరి, కొన్ని గంటలపాటు సాగుతుంది. లోపలి జిడ్డు బూడిదవుతూ పొగనూ ఘాటు వాసననూ వదులుతుంది. పనికి ముందు రాక్‌లనూ లోపల సర్దిన పాత్రలనూ తీసేయాలి, పేరుకున్న నూనెను చేత్తో తుడిచేయాలి, పలకను ఖాళీ చేయాలి, హుడ్ వేసి కిటికీలు తెరవాలి. ఇంట్లో చిలుకలుగాని ఇతర పెంపుడు పక్షులుగాని ఉంటే వాటిని గాలి బాగా ఆడే దూరపు గదికి, వీలైతే మరో ఇంటికి తరలించండి. ఈ పొగలు పక్షుల ప్రాణం తీయగలవు. ఉబ్బసం ఉన్నవారు ఆ సమయంలో బయట గడపడం మంచిది. నలుగురిని భోజనానికి పిలిచిన ముందురోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి, అంత వేడికి ఫ్యూజో తలుపు లాకో మొరాయిస్తే మర్నాటి వంట ఆగిపోతుంది. తేలికపాటి మురికికి నీళ్లతో చేసే స్టీమ్ క్లీన్ సరిపోతుంది.

లోపల మంట కనిపిస్తే, ఏ రోజైనా సరే, తలుపు తెరవకండి. ఓవెన్ ఆపి, మంట ఆరేదాకా మూసే ఉంచండి. తలుపు తెరిస్తే లోపలికి పోయే గాలి మంటను పెంచుతుంది. ఆరకపోయినా, మంట బయటికి వచ్చినా అందరూ ఇల్లు విడిచి 911కు ఫోన్ చేయాలి.

వెంట్‌నుంచి కాక తలుపు పక్కలనుంచి వేడి కొడుతున్నా, తలుపు చుట్టూ గోధుమరంగు మరకలు పడుతున్నా, నాబ్‌లు పట్టుకోలేనంత వేడెక్కుతున్నా, తలుపు చుట్టూ ఉన్న సీలు చిరిగిందేమో చూడండి. కొన్ని రేంజ్‌లలో ఆ సీలు అడుగున కొంతమేర ఉండదు. గాలి లోపలికి రావడానికి కావాలనే వదిలిన ఖాళీ అది, దాన్ని గుడ్డతోనో టేపుతోనో పూడ్చకూడదు. సీలును రుద్ది కడగవద్దు, అల్లిక తెగితే బిగుతు పోతుంది. నిజంగా చిరిగితే అద్దె ఇంట్లో మెయింటెనెన్స్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, మార్చేదాకా ఓవెన్ వాడకం ఆపండి.