కెమికల్ ప్లాంట్ భద్రత – నాలుగో పాఠం: ‘అంతా నార్మల్’ అనకుండా రిపోర్టు రాయడం

పోయిన పాఠంలో వర్క్ పర్మిట్ ఎలా చదవాలో చూశాం. ఈసారి పెన్ను మీ చేతికి వస్తుంది. షిఫ్టులో ఏదో జరిగింది, ఇన్‌చార్జ్ కాగితం ఇచ్చి ‘రాయి’ అన్నాడు. ఏం రాయాలి?

ముందు ఈ రిపోర్టు చూడండి. అభ్యాసం కోసం నేనే కల్పించాను గానీ, ఈ ధోరణి మీకు కొత్తేమీ కాదు.

“రాత్రి షిఫ్టులో హెల్పర్ అజాగ్రత్త వల్ల టోలున్ కొద్దిగా లీకైంది. వెంటనే తగు చర్యలు తీసుకున్నాం. ప్రస్తుతం అంతా నార్మల్.”

ఇందులో కంటితో చూసింది ఒక్కటే, టోలున్ అనే సులువుగా అంటుకునే సాల్వెంట్ (ద్రావకం) లీకవడం. ‘అజాగ్రత్త’ తీర్పు, ‘కొద్దిగా’ అంచనా, ‘తగు చర్యలు’ అంటే ఏమీ చెప్పకపోవడమే. ఇక ‘అంతా నార్మల్’ అనేది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. ఎందుకో కాసేపట్లో చూద్దాం. అదే సంఘటనను ఇప్పుడు ఇలా చదవండి.

“రాత్రి 2:40. ప్రొడక్షన్ బ్లాక్ కింది అంతస్తు. టోలున్ ట్రాన్స్‌ఫర్ పంపు డిశ్చార్జ్ ఫ్లాంజ్ నుంచి ధారగా కారుతుంటే హెల్పర్ చూసి కేకేశాడు. 2:42కి పంపు ఆపి సక్షన్ వాల్వ్ మూశాం. కారడం ఆగింది. నేల మీద మడుగు సుమారు రెండు మీటర్ల వెడల్పు. మడుగు అంచు నుంచి డ్రెయిన్ జాలీకి ఒక అడుగు దూరం. గోడ మీది గ్యాస్ డిటెక్టర్ మోగలేదు. ఆ ఫ్లాంజ్ గాస్కెట్ పగలు షిఫ్టులో మార్చినట్టు లాగ్‌బుక్‌లో ఉంది. మడుగు మీద ఇసుక పోశాం. 3:10కి పోర్టబుల్ మీటరుతో డ్రెయిన్ దగ్గర చూస్తే ఎల్‌ఈఎల్‌లో 8 శాతం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.”

(ఫ్లాంజ్ అంటే పైపుల్ని బోల్టులతో కలిపే అతుకు, గాస్కెట్ అంటే ఆ అతుకు కారకుండా మధ్యలో పెట్టే సీలు. ఎల్‌ఈఎల్ అంటే గాలిలో ఆవిరి అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదు.)

మొదటి రిపోర్టులో నేరస్తుడైన హెల్పర్, రెండోదానిలో లీకును మొదట చూసిన మనిషి. ఇద్దరూ ఒకరే! తీర్పు ముందే రాసేస్తే గాస్కెట్ సంగతి ఎవరూ అడగరు. హెల్పర్‌కి మెమో వెళ్తుంది, అదే రకం గాస్కెట్ ఇంకో పంపుకి పడుతుంది.

డిటెక్టర్ మోగలేదన్న వాక్యం దగ్గర కొంచెం ఆగుదాం. టోలున్ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. నేలను పట్టుకుని పాకుతుంది, డ్రెయిన్లలోకి దిగుతుంది. దాని ఫ్లాష్ పాయింట్ (అంటుకునేంత ఆవిరి వచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రత) సుమారు 4 డిగ్రీల సెల్సియస్, అంటే మన ఊళ్లలో చలికాలం రాత్రి కూడా నిప్పురవ్వ దొరికితే అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. డిటెక్టర్‌ని మనిషి తల ఎత్తులో బిగించి ఉంటే మోగకపోవడంలో ఆశ్చర్యం లేదు. రిపోర్టు రాసేవాడికి ఇదంతా తెలియనక్కర్లేదు. ‘మోగలేదు’ అని రాస్తే చాలు, తెలిసినవాళ్లు ఎత్తు కొలుస్తారు. జరిగినదాంతో పాటు, జరగాల్సి ఉండి జరగనిది కూడా రాయండి. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే.

ఇప్పుడు ‘నార్మల్’ సంగతి.

1984 డిసెంబరు 2 రాత్రి, భోపాల్ యూనియన్ కార్బైడ్ ప్లాంటు. మిథైల్ ఐసోసైనేట్ అనే విష రసాయనం ఉన్న 610వ నంబరు ట్యాంకులో 10:20కి పీడనం 2 పీఎస్‌ఐ. తర్వాత షిఫ్టు మారింది. 11 గంటలకు కొత్త షిఫ్టు ఆపరేటర్ చూస్తే 10. ఆ ట్యాంకు 2 నుంచి 25 మధ్య ఎక్కడున్నా ఫరవాలేదన్నది అక్కడి లెక్క, కాబట్టి 10 అంటే అతనికి నార్మల్. నలభై నిమిషాల్లో అయిదు రెట్లయిందన్న సంగతి మాత్రం ఆ ఒక్క అంకెలో లేదు. 11:30 ప్రాంతంలో కళ్లు మండుతున్నాయని ఆపరేటర్లు చెప్పారు, టీ తర్వాత చూద్దామనుకున్నారు. అర్ధరాత్రి దాటి 12:40 అయ్యేసరికి మీటర్ ముల్లు స్కేలు చివరికి చేరింది.

అందుకే అంకె ఒంటరిగా రాయకూడదు. ‘పీడనం 10’ అని కాకుండా ‘పీడనం 10, నలభై నిమిషాల క్రితం 2’ అని రాయండి. రేంజ్‌లోనే ఉందా అన్నది రెండో ప్రశ్న. ఎటు పోతోంది, ఎంత వేగంగా పోతోంది అన్నది మొదటిది.

రెండో పాఠం మన విశాఖది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం పక్కన ఎల్‌జీ పాలిమర్స్‌లో ఎం6 ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ని ఊరికే నిల్వ ఉంచినా నెమ్మదిగా పాలిమర్‌గా మారుతుంది, మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి మారే వేగం ఇంకా పెరుగుతుంది. అందుకే చల్లగా ఉంచాలి, తిప్పుతూ ఉండాలి, ఆ మార్పును అడ్డుకునే టీబీసీ అనే ఇన్హిబిటర్ కలపాలి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. అందులో రిపోర్టు రాసేవాళ్లకి పనికొచ్చే ముక్క ఒకటుంది. ట్యాంకు ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ అడుగున మాత్రమే ఉంది. చల్లటి ద్రవం అడుగున, వేడెక్కినది పైన. అడుగున కనిపించే అంకె బాగానే ఉంటుంది, పై పొరల్లో ఏం జరుగుతోందో దానికి తెలియదు.

లాగ్‌షీట్‌లో గడి పేరు ‘ట్యాంకు ఉష్ణోగ్రత’ అని ఉంటే రాసేవాడు నిజాయితీగానే రాస్తాడు, చదివేవాడు నిజాయితీగానే మోసపోతాడు. ‘అడుగు ప్రోబ్ దగ్గర ఇంత’ అని రాసి ఉంటే, మరి పైన ఎంత అని ఎవరో ఒకరు అడిగే అవకాశం ఉండేది. కాబట్టి అంకె పక్కన రాయాల్సిన రెండో సంగతి, ఎక్కడ కొలిచారన్నది.

అదే నివేదికలో సైరన్ మోగించలేదన్న మాట కూడా ఉంది. ఈ పాఠం రిపోర్టు గురించే అయినా వరుస తప్పకూడదు. ముందు అలారం, తర్వాత మనుషుల్ని గాలికి అడ్డంగా దూరం పంపడం, తర్వాత ఫోను, ఆ తర్వాతే కాగితం.

ముక్కు గురించి ఒక మాట. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్ది మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. సుమారు 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్లు) చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అందుకే ‘వాసన తగ్గింది, లీకు ఆగింది’ అని రాయొద్దు. ‘2:15 తర్వాత వాసన తెలియలేదు, మీటరు చూడలేదు’ అని రాయండి. రెండింటికీ ప్రాణానికి సంబంధించినంత తేడా ఉంది.

చట్టం సంగతి క్లుప్తంగా. ప్రమాదంలో మనిషి చనిపోయినా, దెబ్బ తగిలి 48 గంటలు లేదా అంతకు మించి పనిచేయలేకపోయినా అధికారులకు నోటీసు పంపాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ 48 గంటల గీత అలాగే ఉంది. ఈ గీత వల్లే కొన్నిచోట్ల కట్టుతో ఉన్న మనిషిని కారులో తెచ్చి ఆఫీసులో కూర్చోబెట్టి హాజరు వేస్తారు. ‘లాస్ట్ టైమ్ యాక్సిడెంట్లు (పనికి రాలేకపోయేంత దెబ్బ తగిలిన ప్రమాదాలు) సున్నా’ అని గేటు బోర్డు మీద రాసుకోవడానికి! అది లెక్క దిద్దడమే గానీ భద్రత కాదు. ఎవరికీ దెబ్బ తగలకపోయినా పేలుడు లాంటి కొన్ని సంఘటనలకు నోటీసు తప్పనిసరి అన్నది కూడా గుర్తుంచుకోండి.

‘రాస్తే నా మీదకే వస్తుంది’ అనే టెన్షన్ కాంట్రాక్ట్ వర్కర్లకు ఎక్కువ, అందులో న్యాయం ఉంది. నా సలహా ఇదీ: చూసింది, విన్నది, చేసింది, టైముతో రాయండి. ‘ఎందుకు’ అనే గడి ఉంటే ‘విచారణలో తేలాలి’ అని వదిలేయండి. ఎవరి పేరూ తప్పుతో ముడిపెట్టకండి, మీ పేరు కూడా. ఫైల్లోకి వెళ్లేముందు ఫోన్లో ఫొటో తీసుకోవడానికి ప్లాంట్ లోపల అనుమతి ఉండదు కాబట్టి కార్బన్ కాపీ అడగండి.

అభ్యాసం: మధ్యాహ్నం షిఫ్టు. సాల్వెంట్‌ని డ్రమ్ముల్లోకి నింపుతున్నారు. మూడో డ్రమ్ము సగం నిండాక, నిప్పురవ్వ పుట్టకుండా స్టాటిక్ కరెంటును నేలలోకి పంపే ఎర్తింగ్ క్లిప్ ఊడి నేల మీద పడి ఉండటం మీరు చూశారు. నింపడం ఆపించి, క్లిప్ తగిలించారు. నిప్పు రాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇన్‌చార్జ్ ‘ఇదికూడా రాయాలా’ అన్నాడు. ఎనిమిది వాక్యాలకు మించకుండా నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) రిపోర్టు రాయండి. క్లిప్ ఎప్పటినుంచి ఊడి ఉందో మీకు తెలియదు. ఆ సంగతి ఎలా రాశారో వచ్చే పాఠంలో ముందుగా చూద్దాం. తర్వాత షిఫ్టు హ్యాండోవర్‌కి వెళదాం.