మంచు దేశంలో తొలి కారు: ముందు చక్రాల డ్రైవా, వెనుక చక్రాల డ్రైవా?

మంచు కురిసే దేశానికి కొత్తగా వచ్చి, తొలి శీతాకాలం మొదలయ్యేలోపే కారు కొనాలని చూసేవారికి తప్పకుండా వచ్చే సందేహం ఒకటుంది: ఇంజను బలం ముందు చక్రాలకు అందే కారు తీసుకోవాలా, వెనుక చక్రాలకు అందేదా? సూటిగా చెప్పాలంటే, మంచులో బండి నడిపిన అనుభవం లేనివారికి ముందు చక్రాల డ్రైవే మేలు. అయితే ఈ ఒక్క సమాధానంతో ఊరుకోవడం మంచిది కాదు. ఇంజను ఏ చక్రాలను తిప్పుతుందన్నదాన్ని బట్టి, బండి ఎంత సులువుగా బయలుదేరుతుంది, మలుపులో పట్టు తప్పితే ఎటు జారుతుంది అన్న రెండు విషయాలు మారతాయి. బ్రేకు వేశాక ఎంత దూరంలో ఆగుతుందన్న మూడో విషయానికి, అంటే అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి, దానితో దాదాపు సంబంధమే లేదు.

టైరుకు రోడ్డు మీద దొరికే పట్టును నెల జీతంలా ఊహించుకోండి. బండిని ముందుకు లాగడం, మలుపు తిప్పడం, ఆపడం అనే మూడు ఖర్చులూ ఆ జీతంలోనే సర్దుకోవాలి. పొడి తారు రోడ్డు మీద ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, సుమారు 0.8 ఉంటుంది కనుక ఎలా ఖర్చు పెట్టినా గడిచిపోతుంది. వాహనాల కింద నలిగి గట్టిపడిన మంచు మీద అది 0.2 దగ్గరకు, ఐస్ మీద 0.1కి, కొన్నిసార్లు అంతకంటే తక్కువకు పడిపోతుంది. అప్పుడు ఏ రెండు ఖర్చులు ఒకేసారి వచ్చినా జీతం చాలదు. రెండు రకాల కార్ల మధ్య తేడా అంతా ఈ ఖర్చులను ఏ టైర్లు మోస్తాయన్న దగ్గరే ఉంది.

ముందు చక్రాల డ్రైవ్ కార్లలో ఇంజను, గేర్‌బాక్స్ రెండూ బానెట్ కింద, ముందు ఇరుసు మీదే కూర్చుంటాయి. 1959లో వచ్చిన మినీ కారు ఇంజనును అడ్డంగా అమర్చి చూపించాక, చిన్న కార్లలో ఈ పద్ధతే క్రమంగా స్థిరపడింది. బండి బరువులో సుమారు 60 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. బండిని లాగే చక్రాల మీదే ఆ బరువు ఉండడం వల్ల, రాత్రంతా కురిసిన మంచులోంచి ఉదయాన్నే బండి బయటికి తీయడం సులువవుతుంది. పైగా లాగే చక్రాలే స్టీరింగ్‌తో మలుపు తిరిగే చక్రాలు కూడా కావడంతో, స్టీరింగ్ ఎటు తిప్పితే బండి అటే లాక్కుపోతుంది.

మలుపులో మాత్రం ఈ అమరికే భారమవుతుంది. లాగడం, తిప్పడం అనే రెండు పనులూ ముందు టైర్ల మీదే పడతాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కనుక ఆపే పనిలో కూడా పెద్ద వాటా వాటిదే. వేగం కాస్త ఎక్కువైతే ముందు టైర్లు చేతులెత్తేస్తాయి. మీరు స్టీరింగ్ తిప్పుతూనే ఉంటారు, బండి మాత్రం తిన్నగా మలుపు బయటి అంచు వైపు సాగిపోతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. అప్పుడు చెయ్యి సహజంగా స్టీరింగ్‌ను ఇంకా తిప్పబోతుంది, కానీ అది పరిస్థితిని చెడగొడుతుంది. ఎక్కువ కోణంలో అడ్డం తిరిగిన టైరు మంచు మీద గీసుకుంటూ పోతుందే తప్ప పట్టు సంపాదించదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు నెమ్మదిగా తీసి, స్టీరింగ్‌ను కొద్దిగా వెనక్కి సడలించి, టైరు మళ్లీ రోడ్డును పట్టుకునేదాకా ఒక్క క్షణం ఆగాలి. చెప్పడానికి ఇది చిన్న మాటే. ఎదురుగా గట్టు కనిపిస్తున్నప్పుడు స్టీరింగ్ సడలించడానికి మనసొప్పదు. అందుకే ముందుగా అలవాటు చేసుకోవలసిన పని ఇది.

వెనుక చక్రాల డ్రైవ్‌ను ఇష్టపడేవారు ఊరికే ఇష్టపడరు. అందులో పని పంపకం ఉంటుంది: ముందు టైర్లు మలుపు చూసుకుంటాయి, వెనుక టైర్లు తోయడం చూసుకుంటాయి. పొడి రోడ్డు మీద వేగం పెంచినప్పుడు బరువు వెనక్కి ఒరిగి, తోసే చక్రాలనే మరింత గట్టిగా నేలకు అదుముతుంది. ముందు వెనుకల బరువు దాదాపు సమానంగా ఉండేలా ఇలాంటి కార్లను తయారుచేయడం కూడా తేలిక. మాజ్దా ఎంఎక్స్-5 వంటి చిన్న స్పోర్ట్స్ కారును వంకర రోడ్డు మీద నడిపినవారికి, స్టీరింగ్ మీద ఇంజను లాగుడు తెలియకుండా బండి ఎంత తేటగా మలుపు తిరుగుతుందో అనుభవమే.

మంచు మీద ఆ సుగుణం కరిగిపోతుంది. బరువు వెనక్కి ఒరగాలంటే బండి గట్టిగా వేగం అందుకోవాలి, వేగం అందుకోవాలంటే ముందు పట్టు ఉండాలి. పట్టు లేనిచోట బరువు ఒరగదు, వెనుక భాగం తేలికగానే ఉండిపోతుంది, చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. మలుపులో యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ నొక్కితే తోక పక్కకు జారి, బండి తన చుట్టూ తాను తిరగబోతుంది, ఇది ఓవర్‌స్టీర్. వెనుకే ఇంజను ఉన్న పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మంచులో చక్కగా బయలుదేరేది, ఎందుకంటే తోసే చక్రాల మీదే దాని బరువులో ఎక్కువ భాగం ఉండేది. ఖాళీ పికప్ ట్రక్కుది సరిగ్గా వ్యతిరేకమైన పరిస్థితి. వెనుక చక్రాల డ్రైవ్ పికప్ ఉన్నవారు శీతాకాలంలో వెనుక ఇరుసు మీదకు ఇసుక బస్తాలు వేసుకోవడం పాత పద్ధతే, పనికొచ్చేదే. కాకపోతే అవి కదలకుండా కట్టి ఉంచాలి. ఇదే చిట్కాను ముందు చక్రాల కారు డిక్కీలో ప్రయోగిస్తే, లాగే చక్రాల మీది బరువును మీరే తగ్గించుకున్నట్టు.

తోక జారినప్పుడు చెయ్యవలసింది యాక్సిలరేటర్ నెమ్మదిగా వదిలి, బ్రేకు జోలికి పోకుండా, తోక ఎటు జారుతోందో అటే స్టీరింగ్ తిప్పడం. తోక కుడికి పోతే స్టీరింగ్ కుడికి. చూపు మాత్రం మీరు వెళ్లదలచుకున్న దారి మీదే ఉండాలి. చూపు నిలిచిన చోటికే చేతులూ పోతాయి. బండి సర్దుకుంటున్న క్షణంలోనే స్టీరింగ్‌ను తిరిగి తిన్నగా తేకపోతే తోక రెండో వైపుకు, మొదటిసారి కంటే జోరుగా విసురుతుంది. నా తొలి శీతాకాలంలో ఒక పాత వెనుక చక్రాల కారుతో మొదటి జారుడును చక్కగా సరిదిద్దుకుని, ఆ సంబరంలో రెండోదానికి దొరికిపోయాను. రోడ్డు ఖాళీగా ఉండబట్టి మంచు గుట్టలో కూరుకుపోవడంతో సరిపోయింది.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలినా, గేరు పైనుంచి కిందికి వేసినా ఇంజను బండిని వెనక్కి పట్టి ఆపుతుంది, ఆ ఆపే బలం డ్రైవ్ చక్రాల మీదే, అంటే ఇంజను తిప్పే చక్రాల మీదే పడుతుంది. వెనుక చక్రాల బండిలో ఐస్ మీద అది హ్యాండ్‌బ్రేకు లాగినట్టే పనిచేయవచ్చు. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లలో ఈ విషయానికి మళ్లీ ప్రాముఖ్యం వచ్చింది, ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఒకే మోటారున్న టెస్లా మోడల్ 3 వంటివి వెనుక చక్రాలతో నడిచేవే. కాలు తీయగానే మోటారు బ్యాటరీని నింపుతూ బండిని బలంగా నెమ్మదింపజేస్తుంది. ఆ బలాన్ని తగ్గించుకునే ఏర్పాటు మీ కారులో ఉంటే, జారే రోజుల్లో తగ్గించి పెట్టుకోవడం మంచిది. ముందు చక్రాల కారులో కూడా మలుపు మధ్యలో కాలు చటుక్కున తీస్తే బరువు ముందుకు ఒరిగి, తేలికైన తోక జారే ప్రమాదముంది. కాలు ‘నెమ్మదిగా’ తీయాలని పైన చెప్పింది అందుకే.

ఎత్తు ఎక్కేటప్పుడు లెక్క కొంత తారుమారవుతుంది. వాలు మీద బరువు వెనక్కి పోతుంది కనుక ముందు చక్రాల కారు తన ప్రధాన బలాన్ని కొంత కోల్పోతుంది. ఏటవాలు వీధిలో మధ్యలో ఆగితే మళ్లీ కదలడం కష్టమవుతుంది కాబట్టి, కిందే ఆగి పైకి దారి ఖాళీగా ఉందని చూసుకుని, ఒకే నిదానమైన వేగంతో ఆగకుండా ఎక్కడం మేలు.

ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ వచ్చాక ఈ రెండు రకాల మధ్య దూరం బాగా తగ్గింది. 1995లో మెర్సిడెస్ బెంజ్ కారులో మొదట వచ్చిన ఈ ఏర్పాటు, బండి జారుతున్న సంగతి పసిగట్టి, అవసరమైన ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి, ఇంజను బలం తగ్గించి, బండిని దారిలో పెట్టడానికి ప్రయత్నిస్తుంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. అంతకు ముందరి పాత కారు కొంటుంటే, అందులో ఇది ఉందో లేదో అడిగి తెలుసుకోండి. వెనుక చక్రాల కారయితే ఇది లేనిదాన్ని తొలి శీతాకాలానికి కొనవద్దనే నా సలహా. మంచులో బండి కూరుకుపోయినప్పుడు మాత్రం, చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరగకుండా అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్‌ను తాత్కాలికంగా ఆపి, ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతూ బయటపడవలసి వస్తుంది. ఆ పని మొదలుపెట్టే ముందు పొగగొట్టం మంచుతో మూసుకుపోలేదని చూసుకోవాలి; మూసుకుపోతే విషవాయువు కారు లోపలికి చేరుతుంది.

ఇక ఆగడం. బ్రేకు అన్ని కార్లలోనూ నాలుగు చక్రాల మీదే పడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు పైన చెప్పిన గుణకాల ప్రకారం లెక్కవేస్తే, పొడి రోడ్డు మీద సుమారు 12 మీటర్లలో, గట్టిపడిన మంచు మీద 50 మీటర్లలో, ఐస్ మీద దగ్గరదగ్గర 100 మీటర్లలో ఆగుతుంది. ఇది బ్రేకు పడ్డాక పోయే దూరం మాత్రమే. మీరు గమనించి కాలు వేసే ఒక సెకనులో మరో 14 మీటర్లు గడిచిపోతాయి. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే ఆల్ వీల్ డ్రైవ్ కారు కొన్నా ఈ అంకెలు మారవు. నన్నడిగితే, సులువుగా బయలుదేరే బండిలో ఒక మోసం కూడా ఉంది. వెనుక చక్రాల కారు ఇంటి ముందే గిర్రున తిరిగి రోడ్డు ఎంత జారుగా ఉందో మొదటి నిమిషంలోనే చెప్పేస్తుంది. ముందు చక్రాల కారు ఆ మాట కొంత ఆలస్యంగా చెబుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ అయితే, కూడలిలో ఎర్ర దీపం ముందు బ్రేకు వేసినప్పుడు గానీ చెప్పదు.

ఆగే దూరాన్ని నిజంగా మార్చగలిగేది టైరు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పోయేసరికి వేసవి టైరు రబ్బరు బిగుసుకుని పట్టు తగ్గుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది, దాని మీది సన్నని చీలికలు మంచును కరిచి పట్టుకుంటాయి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న గుర్తు కోసం చూడండి. బురద, మంచు అని సూచించే ఎం+ఎస్ అన్న అక్షరాలు మాత్రమే ఉంటే చాలదు. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. జర్మనీలో తేదీలు లేవు, రోడ్డు శీతాకాలపు స్థితిలో ఉంటే చాలు, నియమం వర్తిస్తుంది. 2024 అక్టోబరు నుంచి అక్కడ కొండ గుర్తు ఉన్న టైర్లే చెల్లుతాయి. ఆస్ట్రియాలో వింటర్ టైరు గాడి లోతు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలి. మీరున్న చోటి నియమాన్ని మొదటి మంచుకు ముందే తెలుసుకోండి.

ఖర్చు తగ్గించుకోవాలని డ్రైవ్ చక్రాలకు మాత్రమే రెండు వింటర్ టైర్లు వేయించుకునేవారుంటారు. దయచేసి అలా చేయకండి. ముందు చక్రాల కారుకు ముందు మాత్రమే వేస్తే, ముందు భాగం రోడ్డును పట్టుకుని వెనుక భాగం జారిపోతుంది; అంటే తోక జారని బండి కావాలని కొనుక్కుని, తోక జారే బండిగా మార్చుకున్నట్టు. వింటర్ టైర్లు వేస్తే నాలుగూ వేయాలి. నాలుగు మంచి వింటర్ టైర్లున్న వెనుక చక్రాల కారును, వేసవి టైర్ల మీద నడిచే ముందు చక్రాల కారు కంటే నేను నిస్సంకోచంగా ఎంచుకుంటాను. ఒకే దేశపు చలిలో, స్వీడన్‌లో, సాబ్ సంస్థ 1949లో తన మొదటి కారు నుంచే ముందు చక్రాల డ్రైవ్‌ను నమ్ముకుంటే, వోల్వో 1990ల చివరి దాకా వెనుక చక్రాల కార్లను కూడా తయారుచేస్తూ వచ్చింది. అక్కడివారు రెండింటితోనూ శీతాకాలాలు గడిపారు.

కొన్న తరువాత, మొదటి మంచు పడిన ఆదివారం ఉదయాన, అనుమతి ఉన్న ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో బండిని కావాలనే జార్చి చూడండి. బ్రేకు గట్టిగా నొక్కి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పెడల్ కింద టకటక కొట్టడాన్ని కాలితో గుర్తుపట్టండి. ఆ చప్పుడుకు భయపడి కాలు తీయకూడదు, నొక్కి ఉంచే స్టీరింగ్ తిప్పాలి. కొండదారుల్లో టైర్లకు చుట్టే మంచు గొలుసులు అవసరమయ్యే చోటికి వెళ్తుంటే, అవి డ్రైవ్ చక్రాలకు, అంటే ముందు చక్రాల కారులో ముందు, వెనుక చక్రాల కారులో వెనుక కట్టాలి. అవి కట్టి ఉన్నప్పుడు సాధారణంగా గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. వాటిని కట్టడం మాత్రం ఇంటి దగ్గర, పగటి వెలుగులో, చేతులు గడ్డకట్టని రోజున ఒకసారి అభ్యాసం చేసి, డిక్కీలో గ్లవ్స్‌తో పాటు పెట్టుకుని బయలుదేరండి.