తుఫాన్ల కాలంలో ఓడ రేవు దాటే ముందు

అక్టోబర్ దగ్గరపడింది. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది ఆ నెల 12నే. బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు ట్యాంకులు. ఇంధనం తగ్గితే ఓడ అడుగు తేలికై, ఒరిగితే మళ్లీ లేవకపోవచ్చు. ఓడను నిలకడగా ఉంచే బ్యాలస్ట్ ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపండి. 1944 డిసెంబర్‌లో ఫిలిప్పీన్స్ తూర్పున టైఫూన్‌లో (పసిఫిక్ తుఫానులో) మూడు అమెరికా డిస్ట్రాయర్ యుద్ధనౌకలు మునిగాయి. వాటిలో స్పెన్స్‌లో ఇంధనం దాదాపు అయిపోయింది. ఆ టైఫూన్‌లో సుమారు 790 మంది పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

• గాలి ఒత్తిడి చూపే బారోమీటర్ అంకె గంటగంటకీ రాసుకోండి. ముల్లు ఆగకుండా పడిపోతుంటే తుఫాను దగ్గరపడుతున్నట్టే, తర్వాతి వాతావరణ బులెటిన్ దాకా ఎదురుచూడొద్దు.

• మన సముద్రంలో తుఫాను వెళ్లే దారికి కుడిపక్కకు పోవద్దు. గాలి జోరు అక్కడే ఎక్కువ, పైగా ఓడను తుఫాను దారిలోకే నెడుతుంది.

• గాలి తగ్గినా అలలు వెంటనే తగ్గవు. బోటు దించడానికి తొందరపడొద్దు.

• డెక్ మీద తాళ్లు, తలుపులు చీకటి పడకముందే చూడండి.