విదేశీ క్లయింట్లున్న ఫ్రీలాన్సర్లు టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలి?

రాజాంలోనో బొబ్బిలిలోనో ఇంట్లో కూర్చుని విదేశీ కంపెనీలకు పనిచేసేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు క్లయింట్ అకౌంట్స్ విభాగం నుంచి ఈ మాట వస్తుంది: టీఆర్‌సీ పంపండి, లేదంటే మా దేశపు పన్ను పట్టుకుని మిగతాది వేస్తాం. టీఆర్‌సీ అంటే, ఫలానా కాలానికి మీరు భారతదేశంలో పన్ను రెసిడెంట్ అని మన ఇన్‌కం టాక్స్ అధికారి ఇచ్చే సర్టిఫికెట్. దీనికి ప్రభుత్వ ఫీజు లేదు. కష్టమంతా కాగితాలు ఒకదానికొకటి సరిపోవడంలోనే ఉంది.

ముందు, అసలు అవసరమా?

అమెరికా క్లయింట్‌కైతే చాలాసార్లు టీఆర్‌సీ అక్కర్లేదు. వాళ్ళకు కావలసింది మీరు అమెరికా పన్ను రెసిడెంట్ కాదని చెప్పే డబ్ల్యూ-8 బీఈఎన్ అనే ఫారం. అందులో శాశ్వత చిరునామా దగ్గర మీ ఇంటి అడ్రస్ రాయాలి, పోస్ట్ బాక్స్ నంబరు చెల్లదు. 6ఎ గడిలో పాన్ నంబరు వేయాలి. తేదీ రాసేటప్పుడు ముందు నెల, తర్వాత రోజు. సాధారణంగా ఈ ఫారం సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరి రోజు దాకా చెల్లుతుంది. 2025లో చేసింది 2028 డిసెంబరు 31 వరకు పనికొస్తుంది. పని మొత్తం ఇండియాలో కూర్చునే చేస్తే ఆ సేవల ఆదాయం అమెరికాలో పుట్టినట్టు కాదు, కాబట్టి అక్కడ పట్టుకోవడానికేమీ ఉండదు. కాపీరైట్, లైసెన్సు రాయల్టీలు మాత్రం వేరే లెక్క.

జర్మనీ సంగతి ఇంకోలా ఉంటుంది. వాడుకునే హక్కులు ఇచ్చే పనికి అక్కడ 15 శాతం పన్ను, ఆ పన్ను మీద మళ్ళీ 5.5 శాతం అదనం. జర్మనీతో మన దేశానికున్న పన్ను ఒప్పందం ప్రకారం పరిమితి 10 శాతం. కానీ ఆ తక్కువ రేటు వేయాలంటే క్లయింట్ చేతిలో వాళ్ళ కేంద్ర పన్ను కార్యాలయం ఇచ్చిన మినహాయింపు పత్రం ఉండాలి. అందుకని ఏ దేశమైనా ముందు క్లయింట్‌ని మూడు విషయాలు మెయిల్‌లో అడగండి: ఏ కాలానికి కావాలి, మన సర్టిఫికెట్ చాలా లేక వాళ్ళ సొంత ఫారం మీద మన అధికారి ముద్ర కావాలా, అపోస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) కావాలా. ఈ జవాబులు లేకుండా ఆఫీసుకు వెళ్తే రెండోసారి తిరగాల్సి వస్తుంది.

క్లయింట్లు తరచుగా ఫారం 10ఎఫ్ అడుగుతారు. అది ఇండియా నుంచి ఆదాయం తీసుకునే, ఇక్కడ పన్ను రెసిడెంట్ కానివాళ్ళ కోసం. మీకు కావలసింది 10ఎఫ్‌ఏ దరఖాస్తు, దాని మీద వచ్చేది 10ఎఫ్‌బీ సర్టిఫికెట్. ఈ నంబర్లు 1961 చట్టం కిందివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇన్‌కం టాక్స్ చట్టం అమల్లో ఉంది కాబట్టి, ఆ తర్వాతి కాలానికైతే శాఖ పోర్టల్‌లో ప్రస్తుత ఫారం ఏదో చూసుకున్నాకే నింపండి.

రోజులు లెక్కపెట్టండి

ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉంటే రెసిడెంట్. లేదా ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్ళలో మొత్తం 365 రోజులు ఉన్నా చాలు. ఊరు కదలకుండా పనిచేసేవాళ్ళకు రెండో నిబంధన చాలా మేలు. ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే మే 30కే 60 రోజులు నిండుతాయి. 182 కోసమైతే సెప్టెంబరు 29 దాకా ఆగాలి. ఏడాది మధ్యలో దరఖాస్తు పెడితే, ఏ నిబంధన కింద అడుగుతున్నారో స్పష్టంగా రాయండి. రాయకపోతే ఏడాది పూర్తయ్యాక రమ్మంటారు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టినవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్నారు. వాళ్ళు ఇక్కడ జాగ్రత్తపడాలి. సెలవులకు వచ్చి వెళ్ళిన రోజులు కలిపినా నాలుగేళ్ళలో 365 కాకపోతే, దారి 182 ఒక్కటే. అంతకుముందు ఆ ఏడాదిలో ఇండియాకు రాకపోతే అక్టోబరు 1కల్లా దిగి, మార్చి 31 వరకు ఇక్కడే ఉంటేనే మామూలు సంవత్సరంలో సరిగ్గా 182 అవుతాయి. దిగిన రోజు, బయల్దేరిన రోజు లెక్కలోకి వస్తాయా అన్నదాని మీద వాదనలున్నాయి. ఆ రోజులు తీసేసినా సరిపోయేలా ఉంటే మంచిది. పాస్‌పోర్ట్ ముద్రల ప్రకారం వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ, రోజుల సంఖ్యతో ఒక పేజీ పట్టిక తయారుచేయండి. అధికారి మొట్టమొదట చూసేది అదే.

పేరు, అడ్రస్, అధికారి

ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడ. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, పాన్‌లో పూర్తిగా చివర ఉంటుంది, బ్యాంకులో ఇంకో వరస. సర్టిఫికెట్ మీద పేరు పాన్ ప్రకారం వస్తుంది. ఇన్‌వాయిస్ మీద, కాంట్రాక్టు మీద అదే పేరు, అదే వరసలో ఉండాలి. విదేశీ క్లయింట్‌కు మన ఇంటిపేరు పద్ధతి తెలియదు, ఇద్దరు మనుషులనుకుంటాడు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలో కలిసింది. పాన్‌లో పాత జిల్లా, ఆధార్‌లో కొత్త జిల్లా ఉంటే దరఖాస్తు పెట్టకముందే సరిచేసుకోండి.

ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో 'నో యువర్ ఏఓ' లింకులో పాన్, మొబైల్ నంబరు ఇస్తే మీ ఏఓ, అంటే మీ ఫైలు చూసే అసెసింగ్ అధికారి, ఎవరో తెలుస్తుంది. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఇన్‌కం టాక్స్ ఆఫీసులున్నాయి. కానీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మొదటి ఉద్యోగంలో పాన్ తీసుకున్నవాళ్ళ ఫైలు ఇప్పటికీ అక్కడే ఉండొచ్చు. ఇంటి పక్క ఆఫీసు వాళ్ళు దాన్ని తీసుకోలేరు. మార్చుకోవాలంటే పాన్‌లో అడ్రస్ మార్చి, పాత అధికారికి బదిలీ కోరుతూ ఉత్తరం రాసి, నకలు కొత్త అధికారికి ఇవ్వాలి. ఇది నిదానంగా సాగే పని. సర్టిఫికెట్ తొందరగా కావాలంటే పాత అధికారి దగ్గరే దరఖాస్తు పెట్టి, బదిలీ సంగతి తర్వాత చూసుకోవడం మేలు.

దరఖాస్తు నింపడం

10ఎఫ్‌ఏ చిన్న ఫారమే. పేరు, జాతీయత, పాన్, ఆ కాలంలో ఉన్న అడ్రస్, ఈమెయిల్, ఏ ఆధారంతో రెసిడెంట్ అంటున్నారు, ఏ కాలానికి, ఎందుకు. ఆధారం దగ్గర "భారతీయుడిని" అని రాస్తే చాలదు, పౌరసత్వం వేరు, పన్ను నివాసం వేరు. "ఈ ఆర్థిక సంవత్సరంలో ఇన్ని రోజులు, పట్టిక జతపరిచాను" అని రాయాలి. ఎందుకు అన్నచోట దేశం పేరు, క్లయింట్ పేరు, పన్ను ఒప్పందం ప్రస్తావించండి.

కాలం గడి దగ్గర చాలామంది పొరబడతారు. క్లయింట్ 2025 క్యాలెండర్ సంవత్సరం అడిగితే అది మన 2024-25, 2025-26 రెండింటిలోనూ పడుతుంది. రెండు ఏళ్ళకూ అడగాలి.

జత చేయాల్సినవి: పాన్, ఆధార్ నకళ్ళు, పాస్‌పోర్ట్‌లో ముద్రలున్న పేజీలన్నీ, గత రెండు మూడేళ్ళ రిటర్న్ రసీదులు, 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక), క్లయింట్ కాంట్రాక్టు, ఒకటి రెండు ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు ఇచ్చిన విదేశీ జమ పత్రం. అన్నిటి మీదా సంతకం పెట్టండి. రెండు సెట్లు తీసుకెళ్ళి, రెండో దాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. అది లేకుండా తర్వాత అడగడానికి ఆధారం ఉండదు.

సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే పేరు, పాన్, కాలం చదవండి. తప్పుంటే ఆ పూటే చెప్పండి.

పన్ను ముందే పట్టుకుంటే

క్లయింట్ దగ్గర పన్ను కట్టిన రుజువు తీసుకుని, రిటర్న్‌తో పాటు ఫారం 67 (ఇదీ 1961 చట్టం కింది నంబరే) వేసి ఇక్కడ క్రెడిట్, అంటే అక్కడ కట్టినదాన్ని ఇక్కడి పన్నులో తగ్గించమని, అడగొచ్చు. అప్పుడు ఐటీఆర్-4 అనే సులువైన రిటర్న్ ఫారం పనికిరాదు, ఐటీఆర్-3 వేయాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: ఒప్పందంలో 10 శాతం ఉంటే వాళ్ళు 15 పట్టుకున్నా ఇక్కడ క్రెడిట్ 10 దాకానే. మిగతా 5 శాతం ఆ దేశం నుంచే వాపసు అడగాలి, దానికీ ఇదే సర్టిఫికెట్ కావాలి. కాబట్టి ఒరిజినల్ ఎవరికీ పంపేయకుండా రంగు స్కాన్ తీసి ఉంచుకోండి.